రంగు వెలిసిన కంచెను పీకెయ్యాలా?

ప్రశ్న: నమస్తే అన్నా. మాది చంద్రగిరి దగ్గర పల్లె. మా మామగారు దాదాపు ఇరవై ఏళ్ల కిందట మూడెకరాల్లో గుర్రాల పెంపకం మొదలుపెట్టారు. ఇప్పుడు ఐదున్నాయి, అందులో ఒకటి చూడిది. పెళ్లి ఊరేగింపులకు పంపుతాం, ఆదివారాలు పిల్లలకు సవారీ నేర్పిస్తాం. ఆయన వేయించిన కొయ్య కంచె ఎండకూ వానకూ రంగు వెలిసి బూడిద రంగుకు తిరిగింది. కొన్ని గుంజలు ఊగుతున్నాయి. రోడ్డు వైపు పాత తెల్ల పెయింటు పెచ్చులుగా లేస్తోంది. వెనక గుట్ట వైపు చెక్కలు పోయినచోట ముళ్ల తీగ లాగించాం. మా ఆయన మొత్తం పీకేసి చైన్‌లింక్ (ఇనుప తీగ జాలి) వేద్దామంటున్నారు, మామగారికి అది కష్టంగా ఉంది. ప్రీ వెడ్డింగ్ షూట్‌లకు వచ్చేవాళ్లు ఈ పాత కంచె కోసమే వస్తున్నామనీ, దాన్ని ముట్టుకోవద్దనీ అంటున్నారు. పక్కన గన్నేరు పూలుంటే ఇంకా బాగుంటుందని ఒకాయన సలహా ఇచ్చాడు. పక్క మామిడి తోట ఆయనేమో కాలిన ఇంజిన్ ఆయిల్ పూస్తే పదేళ్లు చూడనక్కర్లేదన్నాడు. గుర్రాలు చెక్కలు కొరుకుతున్నాయి. రాత్రిళ్లు అడవి పందులు వస్తున్నాయి. గేటుకున్న రెండు ముదురు ఎరుపు గుంజలకు మంచి ధర ఇస్తానని ఒకతను రెండుసార్లు వచ్చి వెళ్లాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి, చంద్రగిరి మండలం

సమాధానం: చెల్లెమ్మా, గుట్ట వైపు లాగించిన ముళ్ల తీగతో మొదలుపెట్టండి. మిగతా అన్నిటికీ సమయం ఉంది, దానికి లేదు. ఈ వారమే తీయించెయ్యండి. కొత్త కంచె సిద్ధమయ్యేదాకా గుర్రాలను ఆ వైపు వదలకండి. చోటు ఇరుకైనా సరే, నాలుగు రోజులు ముందు వైపే తిప్పుకోండి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ముళ్ల తీగ ఆవుల కోసం, ఎద్దుల కోసం పుట్టిన వస్తువు. 1874లో అమెరికాలో గ్లిడెన్ అనే రైతు పేటెంటు తీసుకున్న రకమే ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతోంది. ఆవుకు ముల్లు గుచ్చుకుంటే వెనక్కి తగ్గుతుంది. గుర్రం అలా తగ్గదు. భయమేస్తే ముందు పరుగెత్తుతుంది, ఆలోచన తర్వాత. కాలు తీగలో పడిందంటే విడిపించుకోవడానికి గుంజుతుంది, గుంజినకొద్దీ తీగ కోసుకుంటూ పోతుంది. మోకాలి కింద గుర్రానికి కండ ఉండదు, చర్మం కిందంతా నరాలూ ఎముకే. అక్కడ తెగితే నెలల తరబడి కట్లు కట్టినా ఆ కాలు మళ్లీ సవారీకి పనికొస్తుందన్న నమ్మకం లేదు.

పైగా గుర్రానికి ఆ తీగ సరిగా కనిపించదు. దాని కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాదాపు 350 డిగ్రీల మేర చుట్టూ చూడగలదు. ముక్కుకు ఎదురుగా దగ్గర్లో ఉన్నదీ, సరిగ్గా తోక వెనకున్నదీ మాత్రం చూపుకు అందవు. వెలుతురు నుంచి చీకటికి దాని కన్ను అలవాటు పడటానికి మనకంటే ఎక్కువసేపు పడుతుంది. దీపావళి రాత్రి పక్క ఊళ్లో టపాసులు పేలాయనుకోండి, లేదా పందుల గుంపును చూసి కుక్కలు ఒక్కసారిగా మొరిగాయనుకోండి. అప్పుడు పరుగు తీసే గుర్రానికి సన్నని తీగ ఉన్నా లేనట్టే. మీ కంచె మంచిదా చెడ్డదా అన్నది ఆ ఒక్క నిమిషాన్ని మనసులో పెట్టుకుని తేల్చుకోండి. బెదిరి వచ్చి గుద్దుకున్న గుర్రాన్ని ఆ కంచె ఏం చేస్తుంది? మీ ఉత్తరంలో ఉన్న ప్రశ్నలన్నిటికీ నేను ఈ ప్రశ్న అడిగే జవాబు చెబుతున్నాను.

తీసిన తీగను గడ్డిలో వదలకండి, ఏటి గట్టున పారేయకండి. చిన్న చిన్న చుట్టలుగా కత్తిరించి పాత ఇనుము కొనేవాళ్లకు వేసెయ్యండి. పని అయ్యాక ఆ నేలంతా ఒక అయస్కాంతం తాడుకు కట్టి లాగించండి. మేకులూ తీగ ముక్కలూ ఎన్ని దొరుకుతాయో మీరే చూస్తారు. ఐదింటికీ ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించారో కూడా చూసుకోండి. మనం పెంచే జంతువుల్లో ధనుర్వాతానికి చాలా తేలిగ్గా దొరికిపోయేది గుర్రమే. ఏడాదికోసారి టీకా తప్పనిసరి. చూడి గుర్రానికైతే ఈనడానికి నాలుగు నుంచి ఆరు వారాల ముందు వేయిస్తే పుట్టే పిల్లకు కూడా జున్నుపాల ద్వారా రక్షణ అందుతుంది. తిరుపతిలో 1955 నుంచీ పశువైద్య కళాశాల ఉంది, మీకు దగ్గరే. ఎప్పుడైనా గుర్రం గిట్టలో మేకు దిగితే గాభరాగా లాగేయకుండా ముందు డాక్టరుకు ఫోన్ చేయండి. మేకు ఏ చోట, ఎంత లోతుకు దిగిందో తెలిస్తే వైద్యం చాలా సులువవుతుంది. నడిస్తే ఇంకా లోపలికి పోయేలా ఉంటే తీయక తప్పదు, కానీ ఆ చోటు గుర్తు పెట్టి, మేకును దాచి చూపించండి.

ఇక మీ ఇంట్లో అందరికీ గొడవ తెచ్చిపెట్టిన బూడిద రంగు సంగతి. రంగు వెలిసినంత మాత్రాన చెక్క పాడైపోయినట్టు కాదమ్మా. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చెక్క పైపొరలో ఉండే లిగ్నిన్ అనే పదార్థాన్ని విడగొడతాయి. లిగ్నినే చెక్క నారల్ని పట్టి ఉంచే జిగురు. విడిపోయినదాన్ని వాన కడిగేస్తుంది. మిగిలిన తెల్లని నార మీద కాస్త బూజు చేరి బూడిద రంగు వస్తుంది. ఇదంతా పైపైనే, గోటి మందం కూడా ఉండదు. అమెరికా అటవీ ఉత్పత్తుల ప్రయోగశాల లెక్క ప్రకారం మెత్తని రకం చెక్కలో కూడా ఎండా వానా కలిసి అరగదీసేది నూరేళ్లకు సుమారు 6 మిల్లీమీటర్లే. మన ఎండకు దానికి రెట్టింపు అనుకున్నా, ఇరవై ఏళ్లలో మీ చెక్క పోగొట్టుకున్నది రెండున్నర మిల్లీమీటర్లు దాటదు. కాబట్టి రంగు కోసమే అయితే ఒక్క చెక్క కూడా పీకనక్కర్లేదు. మీ మామగారి మాటలో న్యాయం ఉంది.

కానీ గుంజలు ఊగుతున్నాయన్నారు చూడండి, అసలు జబ్బు అక్కడ ఉంది. కొయ్య కుళ్లేది నేల మట్టం దగ్గర. పూర్తిగా గాలిలో ఉన్న భాగం వానకు తడిసినా ఆరిపోతుంది. బాగా లోతున ఉన్న భాగానికి గాలి సరిగా అందదు. నేలకు కాస్త పైనా, జానెడు కిందా మాత్రం తేమ, గాలి రెండూ దొరుకుతాయి. కుళ్లబెట్టే బూజుకు అంతకంటే ఏం కావాలి? చెదలు కూడా అక్కణ్నుంచే ఎక్కుతాయి. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు ముసురు పడతాయి, నేల వారాల తరబడి ఆరదు. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగినప్పుడు మీ పల్లపు చేను ఎన్నాళ్లు తడిగా ఉందో గుర్తు తెచ్చుకోండి. పైకి రాయిలా కనిపించే గుంజ, అడుగున పిండైపోయి ఉండొచ్చు.

పరీక్ష సులువు. ఒక గునపం, పొడవాటి స్క్రూడ్రైవరు, ఒక సుద్దముక్క తీసుకుని మామగారిని వెంటబెట్టుకుని కంచె పొడవునా నడవండి. ఏ గుంజ ఏ కొయ్యో, ఎప్పుడు మార్చారో ఆయనకే తెలుసు. ఆ జ్ఞాపకం మీకు చాలా పనికొస్తుంది. ప్రతి గుంజ చుట్టూ జానెడు లోతు మట్టి తీసి, నేల మట్టానికి కాస్త కింద స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడవండి. గట్టి కొయ్యలో మొన మాత్రమే దిగి ఆగిపోతుంది. సెంటీమీటరు దాటి మెత్తగా దిగితే ఆ గుంజ పని అయిపోయింది. సుత్తితో తట్టి చూడండి, డొల్ల అయితే శబ్దమే చెబుతుంది. ఆ తర్వాత భుజం ఎత్తులో రెండు చేతులతో నెట్టండి. గుంజ గట్టిగా ఉండి మట్టి మాత్రమే వదులైతే, మట్టి తీసి రాళ్లు వేసి దిమ్మిసతో కొట్టి బిగిస్తే చాలు. సుద్దతో గుర్తులు పెట్టుకుంటూ పోండి. సవక (సరుగుడు) గుంజలు ఎక్కువ పోయి ఉంటాయని నా అంచనా. సవక బలమైన కొయ్యే, కానీ భూమిలో పాతితే చెదలకు తట్టుకోలేదు.

పోయిన గుంజలకు బదులు ఏం పెట్టాలన్నది మీ ఉత్తరం చదువుతున్నంతసేపూ నేను ఎక్కువగా ఆలోచించిన సంగతి. మన చిత్తూరు వైపు నల్లరాయికి కరువు లేదు. పొలాల గట్ల మీద, మల్లె పందిళ్లకు, ద్రాక్ష తోటలకు రాతి కూసాలు పాతడం ఇక్కడ కొత్త కాదు. రాయి కుళ్లదు, చెదలు పట్టవు. గుంజ మొత్తం రాయితో వేయాల్సిన పని కూడా లేదు. నాలుగున్నర అడుగుల రాతి ముక్క తెప్పించి, అందులో మూడడుగులు భూమిలో పాతండి. కుళ్లిన గుంజను నేలకు నాలుగు వేళ్ల ఎత్తున కోసెయ్యండి. పైన మిగిలిన మంచి కొయ్యను ఆ రాతికి ఆనించి, జింకు పూత ఉన్న రెండు బోల్టులతోనో, మందపాటి ఇనుప పట్టీలతోనో బిగించండి. కొయ్యకు నేల తగలదు కాబట్టి తేమ అందదు. బూడిద రంగు గుంజ పైన అలాగే ఉంటుంది, కాలు మాత్రం రాయి అవుతుంది. రాయి గుర్రం లేని వైపు ఉండాలి, బోల్టు తలలు కూడా బయటి వైపే. రాతి అంచులు పదునుగా ఉంటే ఉలితో కొట్టి మొద్దు చేయించండి. మూలల దగ్గర, గేటు దగ్గర మాత్రం ఈ అతుకు పనికి నమ్మకం లేదు, అక్కడ లాగుడు ఎక్కువ. పూర్తి రాతి స్తంభమో, కొత్త గట్టి గుంజో వేసుకోండి.

కొయ్య గుంజే పాతాలనుకుంటే అడుగున అరడుగు కంకర పోయించండి. మూడడుగుల లోతు ఉండాలి. సిమెంటు కాంక్రీటుతో చుట్టూ బిగించేస్తే గట్టిగా ఉంటుందని మేస్త్రీలు చెబుతారు. ఎండకు కొయ్య ముడుచుకున్నప్పుడు కొయ్యకూ కాంక్రీటుకూ మధ్య సందు పడుతుంది, వాన నీళ్లు అందులో నిలిచిపోతాయి. కాంక్రీటు వేసి తీరాలంటే పైభాగం బయటికి వాలుగా తీర్చమని చెప్పండి, అడుగున మాత్రం కంకరే. గుంజ నెత్తిని ఏటవాలుగా కోయించండి, నీళ్లు జారిపోతాయి. చివర కాస్త కాల్చి పాతడం మన పెద్దల అలవాటు. చేస్తే చేయండి, దాని ఒక్కదాన్నే నమ్ముకోకండి.

చెక్కలు ఏ వైపు కొట్టి ఉన్నాయో ఒకసారి చూడండి. చాలా ఫారాల్లో రోడ్డు మీద వెళ్లేవాళ్లకు అందంగా కనబడాలని గుంజకు బయటి వైపు కొడతారు. గుర్రం లోపలినుంచి ఆనుకుంటే మేకులు ఊడి చెక్క బయటికి పడిపోతుంది. లోపలి వైపు కొడితే గుర్రం బరువు చెక్కను గుంజకే అదుముతుంది, గుర్రం భుజానికి గుంజ కూడా తగలదు. తుప్పు పట్టని మేకులో, స్క్రూలో వాడండి. ఎత్తు నాలుగున్నర నుంచి ఐదడుగులు ఉండాలి. మగగుర్రం ఉంటే ఆరడుగులైనా కావాలి. అన్నిటికంటే కింది చెక్కకూ నేలకూ మధ్య ఒక అడుగు లోపు సందు చాలు. అంతకంటే ఎక్కువుంటే పుట్టబోయే పిల్ల పడుకుని పొర్లుతూ అవతలికి దొర్లిపోతుంది. తల్లి ఇటు, పిల్ల అటు అయ్యాక జరిగే కంగారు చెప్పక్కర్లేదు. ఇరుకు మూలలు ఉంటే ఏటవాలుగా ఒక చెక్క అడ్డం కొట్టి మూల తీసేయండి. పెత్తనం చేసే గుర్రం తరిమినప్పుడు బక్కది మూలలో చిక్కుకుని కంచె మీదికి ఎక్కుతుంది.

రోడ్డు వైపు పెచ్చులు లేస్తున్న తెల్ల పెయింటు గురించి మీరు మామూలుగా రాశారు, నాకు మాత్రం ముళ్ల తీగ తర్వాత భయపెట్టిన సంగతి అదే. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. ఇరవై ఏళ్ల కిందటి ఎనామిల్ పెయింటులో సీసం ఉండే అవకాశం చాలా ఎక్కువ. మీ గుర్రాలు చెక్క కొరుకుతున్నాయని కూడా రాశారు. రెండూ కలిపి చూడండి. సీసం కొద్దికొద్దిగా ఒంట్లో చేరిన గుర్రం చిక్కిపోతుంది, నీరసపడుతుంది, గొంతు నరాలు దెబ్బతిని పరుగులో ఊపిరి గురగురలాడుతుంది. అలాంటిది ఏ గుర్రంలో కనిపించినా రక్త పరీక్ష చేయించండి. ఆ వైపు చెక్కలు తక్కువే ఉంటే గొడవ లేకుండా మార్చేయండి. గీకాలనుకుంటే నీళ్లతో తడిపి గీకించండి. ఎండు చెక్క మీద ఉప్పుకాగితం వేస్తే ఆ దుమ్ము పని చేసేవాడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కింద టార్పాలిన్ పరిచి పెచ్చులన్నీ ఏరించండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. పాత పెయింటు చెక్కల్ని స్నానాల పొయ్యిలో పెట్టడం అసలు వద్దు.

కాలిన ఇంజిన్ ఆయిల్ సలహాకు కూడా ఇదే జవాబు. ఆ నూనెలో ఇంజిన్ అరిగిన లోహాల పొడి, మసి అన్నీ ఉంటాయి. గుర్రం నాలుకకు అంటుతుంది, వానకు నేలలోకి దిగి బోరు నీళ్ల దాకా పోతుంది. తారు నూనె అని అమ్మే క్రియోసోట్ కూడా గుర్రం నోరు తగిలే చోట వద్దు. చెక్కకు ఏదో ఒకటి పూయాలని ఉంటే అవిసె నూనె చాలు. బాగా ఎండిన కాలంలో, మార్చి నుంచి మే లోపు, పలచగా రెండు పూతలు వేసి ఆరనివ్వండి. బూడిద రంగు కాస్త ముదురుతుంది, ఫొటోల వాళ్లకు అభ్యంతరం ఉండదనే అనుకుంటాను. ఒక జాగ్రత్త: అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని కుప్పగా మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో ముంచి, విడివిడిగా పరిచి ఆరబెట్టాకే పారేయాలి. ఎండుగడ్డి పాక ఉన్న చోట ఇది మరిచిపోకూడని మాట.

గుర్రాలు చెక్క ఎందుకు కొరుకుతున్నాయి? చాలాసార్లు కడుపుకు నార చాలకే. గుర్రం పొట్ట రోజంతా కొద్దికొద్దిగా నమిలేలా తయారైంది. దాని బరువులో నూటికి ఒకటిన్నర నుంచి రెండు వంతులు ఎండు మేత రోజూ పడాలి. 350 కిలోల గుర్రానికి అది ఐదు నుంచి ఏడు కిలోలు. ఉలవలు, తవుడు, శనగలు ఎంత పెట్టినా ఈ లోటు తీరదు, పైగా కడుపునొప్పి తెస్తాయి. గడ్డిని రెండు పూటలకు బదులు నాలుగైదు సార్లుగా పంచండి, ఉప్పు గడ్డ వేలాడదీయండి. రోజంతా కట్టేసి ఉంచే గుర్రం విసుగుతో కూడా కొరుకుతుంది. పై చెక్క అంచుకు జింకు పూత రేకు మడిచి కొడితే చెక్క దక్కుతుంది, అంచులు మాత్రం లోపలికి మడవాలి. కారప్పొడి ముద్ద పూసే చిట్కా నాలుగు రోజులకు మించి పనిచేయదు. ఏదైనా ఒక గుర్రం పళ్లు చెక్కకు ఆనించి మెడ బిగించి గుటక్‌మని గాలి లాగుతుంటే అది వేరే అలవాటు, డాక్టరుకు చూపించండి.

పందుల కోసం సోలార్ కంచె వేసుకోవచ్చు. అది గుర్రాలకు కూడా మేలు చేస్తుంది. సెకనుకు ఒకసారి కొట్టే చిన్న షాక్ బెదిరిస్తుంది, చంపదు. చెక్కకు లోపలి వైపు, పై భాగాన నాలుగు వేళ్ల వెడల్పున్న తెల్లని పట్టీ రకం తీగ ఒక వరస లాగితే గుర్రాలు ఆనుకోవడం, కొరకడం రెండూ తగ్గుతాయి. మీ పాత చెక్కల ఆయుష్షు పెరుగుతుంది. పందులకు బయటి వైపు నేలకు జానెడు ఎత్తున ఒక వరస, దానిపైన ఇంకొకటి. మన నేలలో వచ్చే చిక్కు ఎర్తింగ్. ఏప్రిల్, మే నెలల్లో నేల ఎండి బండ బారితే కరెంటు తిరిగి యంత్రానికి చేరదు, షాక్ తగలదు. ఆరడుగుల జింకు పూత రాడ్లు మూడు, పదేసి అడుగుల దూరంలో పాతించండి. తొట్టి నీళ్లు పొర్లే చోటు అయితే మేలు. ఎండాకాలంలో అప్పుడప్పుడు వాటి మొదట్లో బిందె నీళ్లు పోయండి. కొత్త తీగను గుర్రాలకు పగటిపూట పరిచయం చేయండి.

మోటారు లైను నుంచి నేరుగా తీగకు కరెంటు ఇచ్చే పద్ధతి మీ చుట్టుపక్కల ఎవరైనా చెబితే వినకండి. అది నేరం. అంతకుమించి, ఏటా పొలాల్లో మనుషుల్ని, ఏనుగుల్ని చంపుతున్నది అదే. తెల్లారి నీళ్లు కట్టడానికి వచ్చే పక్క రైతు, చేపల కోసం తిరిగే పిల్లాడు, మీ గుర్రం, ఎవరైనా కావచ్చు. ముళ్ల తీగకు సోలార్ షాక్ కలపడం కూడా తప్పే. ముళ్లలో చిక్కుకున్న జంతువు షాక్‌ను తప్పించుకోలేదు. ఏనుగుల సంగతి వస్తే, గుర్రాల కోసం వేసే ఏ కంచే ఏనుగును ఆపదు. అలికిడి ఉందని తెలిస్తే అటవీ శాఖ వాళ్లకు కబురు చేయడమే మార్గం.

మీ ఆయన చెప్పిన చైన్‌లింక్ పూర్తిగా తీసిపారేసే మాట కాదు. ముళ్ల తీగ తీసిన గుట్ట వైపు దాన్ని వాడుకోండి. కుక్కలూ పందులూ దూరకుండా ఉండేందుకు అది మంచిదే. కన్నాలు గిట్ట దూరనంత చిన్నవిగా ఉండాలి. కింద తీగ కొనలు బయటికి పొడుచుకు రాకుండా మడిపించాలి. పైన తప్పనిసరిగా ఒక వెడల్పాటి చెక్క అడ్డంగా కొట్టించాలి, అది ఉంటేనే గుర్రానికి అక్కడ అడ్డు ఉందని కనబడుతుంది. పీకిన పాత చెక్కల్లో బాగున్నవి అక్కడికి సరిపోతాయి. ఇలా చేస్తే ఖర్చు కూడా మొత్తం పీకి కొత్తది వేసేదానికంటే బాగా తగ్గుతుంది. ఆయనకు కావలసిన గట్టితనం, మామగారికి కావలసిన కంచె రెండూ మిగులుతాయి. గుంతలు తవ్వే పని వానలకు ముందు, సెప్టెంబరు లోపు ముగించేలా చూసుకోండి.

గేటు గుంజలు కొంటానని వచ్చే మనిషికి లేదని చెప్పి పంపేయండి. ఇరవై ఏళ్లు భూమిలో ఉండి చెదలు ముట్టని ముదురు ఎరుపు కొయ్య, అదీ శేషాచలం అంచున ఉన్న ఊళ్లో అంటే, ఎర్రచందనం కావచ్చు. పాత రోజుల్లో ఈ ప్రాంతంలో ఇళ్ల స్తంభాలకు దాన్ని వాడేవాళ్లు. ఇప్పుడు అనుమతి లేకుండా దాన్ని కొట్టినా, అమ్మినా, తరలించినా పెద్ద కేసు. పాత గుంజే కదా అన్న మాట చెక్‌పోస్టు దగ్గర నిలబడదు. కదిలించకుండా ఉన్నచోటే ఉంచండి. మామగారు అవి ఎక్కణ్నుంచి తెచ్చారో అడిగి, ఆయన్ను తీసుకుని అటవీ శాఖ రేంజ్ కార్యాలయానికి మీరే వెళ్లి విషయం చెప్పండి. ముందుగా మీరు చెప్పడం వేరు, ఎవరో చెబితే వాళ్లు రావడం వేరు.

గన్నేరు మాత్రం వద్దే వద్దు. ఆకు, పువ్వు, కొమ్మ, అన్నీ విషమే. గుండె మీద పనిచేసే విషం. పిడికెడు ఆకులు ఒక గుర్రానికి చాలు. పచ్చి ఆకు చేదని వదిలేసినా, రాలి ఎండిన ఆకు గడ్డిలో కలిస్తే తినేస్తుంది, ఎండినా విషం పోదు. పచ్చగన్నేరు, ఆముదం, కంచెలకు వేసే అడవి ఆముదం, దానంతట అదే మొలిచే లంటానా కూడా గుర్రాల దగ్గర ఉండకూడదు. ఇప్పటికే కంచె వెంట ఏవైనా ఉంటే వేళ్లతో పీకించి, ఆ చెత్తను తగలేయకుండా, గుర్రాలకు అందని చోట పాతిపెట్టించండి. పూలు కావాలంటే కంచెకు బయట, గుర్రం మెడ చాపినా అందనంత దూరంలో మందార వేసుకోండి.

ఫొటోలకు వచ్చేవాళ్లను రానివ్వండి, ఆ డబ్బు రాతి కూసాలకు పనికొస్తుంది. కాకపోతే కంచె మీద ఎక్కి కూర్చోవద్దని ముందే చెప్పండి, పాత మేకులు అలాగే ఊడతాయి. రంగుల పొగ గొట్టాలు, డ్రోన్లు గుర్రాలు బయట ఉన్నప్పుడు వద్దనండి. గుర్రాల్ని పాకలో కట్టేశాక ఎగరేసుకోమనండి. చూడి గుర్రం ఈనే నెల దగ్గరపడితే ఆ నెలంతా షూట్‌లు ఒప్పుకోకండి. వాళ్లు వెళ్లిపోయాక పూలదండల దారాలు, పిన్నులు, ప్లాస్టిక్ తొడుగులు గడ్డిలో మిగిలాయేమో ఒకరు తిరిగి చూసి, ఆ తర్వాతే గుర్రాలను వదలాలి.